మూసీ వరద – నీటి లెక్క

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ, సోమవారము. హైదరాబాదు నగరము నడుమ ప్రవహించు మూసీనది ఆ దినమున గట్లు దాటి పొంగి, ఇరుదరుల నున్న పేటలను ముంచివేసెను. ఎండకాలమున ఇసుకతిన్నెల మధ్య సన్నని పాయగా మాత్రమే కానవచ్చు నది అది. ఆనాడు దాని వడికి అఫ్జల్ వంతెన కొట్టుకొనిపోయెను. వేలకొలది ఇండ్లు నేలమట్టమయ్యెను. మృతులు 15,000 మంది యని సాధారణముగా చెప్పుదురు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొని తానొక్కడే బ్రతికి బయటపడెను. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి.

ఇట్టి ఉపద్రవము వచ్చినపుడు నది ఆగ్రహించినదనుట లోకమున వాడుక. నదికి ఆగ్రహమును లేదు, అనుగ్రహమును లేదు. ఆకాశమునుండి పడిన నీరు పల్లమునకు పోవును, అంతియే. అయితే ఎంత నీరు పడినది? ఎంత నేలపై పడినది? అందులో ఎంత భూమిలోనికి దిగినది, ఎంత యేటికి చేరినది? చేరుటకు ఎంతసేపు పట్టినది? ఈ ప్రశ్నలకు కొలతలతో సమాధానము చెప్పు శాస్త్రమునకు జలవిజ్ఞానమని పేరు. ఆ శాస్త్రములోని ముఖ్యమైన మాటలన్నియు మూసీ వరద కథలో ఒకటి తరువాత ఒకటిగా ఎదురగును.

మూసీకి ముచికుందానది యని పూర్వనామము. వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా పాఱి, హైదరాబాదు దాటి, నల్లగొండ జిల్లాలో వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నగరమున కెగువనే, లంగర్‌హౌజ్ సమీపమున, ఈసీ యను మఱియొక యేఱు దక్షిణపు దిక్కునుండి వచ్చి దీనితో కూడును. ఈ రెండేళ్లును వాని వాగులును వంకలును ఏ నేలపై పడిన వాననీటిని తెచ్చి హైదరాబాదు వంతెనల క్రిందికి చేర్చునో, ఆ నేలనంతటిని కలిపి పరీవాహక ప్రాంతమందురు. దానికి అంచు ఏది? ఇంటి కప్పు నడికొప్పును తలచుకొన్న తెలియును. కొప్పునకు ఇవతల పడిన చుక్క ఈ చూరునుండి జాఱును. అవతల పడిన చుక్క ఆ చూరునుండి జాఱును. భూమిపై నట్టి కొప్పువంటి మెట్టలను కలుపుచు గీచిన గీతకు జలవిభాజక రేఖ యని పేరు. ఆ గీత కొక జానెడు ఇవతల పడిన చినుకు మూసీ సొత్తు. అవతల పడినది వేఱొక నదికి చెందును. హైదరాబాదునకు ఎగువ మూసీ, ఈసీల పరీవాహక ప్రాంతము 862 చదరపు మైళ్లు, అనగా సుమారు 2,230 చదరపు కిలోమీటర్లు. నగరవాసి తన వీథిలో కురిసిన వానను మాత్రమే చూచును. నది యా 862 చదరపు మైళ్లమీది వాననంతటిని మోసికొని వచ్చును. ఊరిలో చినుకు లేకున్నను ఏఱు పొంగుటకు ఇదియే కారణము.

ఇక వాన కొలత. తెలుగు రైతు వానను పదునులతో కొలుచును. చేతిలోని కఱ్ఱతో నేలను గ్రుచ్చి, తడి ఎంత లోతు దిగినదో చూచి, దుక్కికి చాలునో చాలదో చెప్పును. పంటకు అది మంచి కొలతయే కాని వరద లెక్కకు చాలదు. నేల త్రాగక విడిచిన నీరు దానిలోనికి రాదు గదా! అందుచేత వర్షమాపకమను సాధనమును ఉపయోగింతురు. ఇది యొక గరాటు. దాని క్రింద నొక పాత్ర. చెట్లు, గోడలు అడ్డములేని చోట దానిని నిలిపి, ప్రతిదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు పాత్రలోని నీటిని కొలుతురు. కురిసిన నీరు ఇంకక, పాఱక, ఆవిరి కాక, పడినచోటనే నిలిచినచో ఎంత లోతుండునో ఆ లోతే వర్షపాతము. అందుకే వాన నీటిని బిందెలతో గాక అంగుళములతోను మిల్లీమీటర్లతోను చెప్పుదురు. ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరు నేలపై సరిగా ఒక లీటరు నీరు.

ఆ సెప్టెంబరులో షంషాబాదు వర్షమాపకము 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు చూపెను. మిల్లీమీటర్లలో చెప్పినచో ఇవి సుమారు 325, 480 అగును. పదమూడు అంగుళములన్న మాట వినుటకు చిన్నదిగా తోచును. లెక్క వేసిన పిదప గాని దాని బరువు తెలియదు.

చదరపు మైలు నేలపై ఒక్క అంగుళము నీరు నిలిచినచో అది 23,23,200 ఘనపుటడుగులగును. దీనిని 862 చేత గుణించిన 200 కోట్ల ఘనపుటడుగులు దాటును. నూఱు కోట్ల ఘనపుటడుగుల నీటిని ఇంజనీర్లు ఒక టి.యం.సి. యందురు; వార్తాపత్రికలలో జలాశయముల సంగతి చదువువారికి ఈ మాట పరిచితమే. కావున మూసీ పరీవాహకమంతట ఒక అంగుళము వాన పడినచో రెండు టి.యం.సి.ల నీరు పడినట్లు. పరీవాహకమంతటను షంషాబాదునందువలెనే కురిసెననుకొన్నచో ఒక్క దినములో పడిన నీరు 25 టి.యం.సి.లకు మించును. వాన అంతటను ఒకే తీరున పడదు. అందుచేత ఒక్క వర్షమాపకమును నమ్మక, అనేక స్థలములలోని కొలతలనుండి సగటు తీయుదురు. అయినను ఆనాటి నీటి రాశి ఎంతటిదో ఊహించుటకు ఈ లెక్క చాలును.

పడిన నీరంతయు యేటికి రాదు. కొంత ఆకులమీదను కప్పులమీదను నిలిచి ఆవిరియగును. కొంత గుంటలలోను మడులలోను నిలుచును. చెట్లు వేళ్లతో త్రాగిన నీటిని ఆకుల ద్వారమున మరల గాలిలోనికి విడుచును. దీనికి బాష్పోత్సేకమని పేరు. ఎక్కువ భాగమును కోరునది నేల. నీరు నేలలోనికి దిగుటయే ఇంకుట. ఇంకుటకు ఒక వేగము గలదు. ఇసుకనేలలో నీరు తటాలున దిగును. నల్లరేగడిలో కథ వేఱు: వేసవిలో ఆ నేల నెఱ్ఱెలు విచ్చియుండును గనుక తొలివానల నీరు బిరబిర లోనికి పోవును, తడిసిన కొలది మన్ను ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును, అటుపై నీరు దిగుట బహు మెల్లగా జరుగును. వాన పడు వేగము ఇంకు వేగమునకు లోబడియున్నంతవఱకు మాగాణిగట్టు ప్రక్కనైనను నీరు పాఱదు. దానిని మించినంతనే మిగిలిన నీరు నేలమీద పొరగా కదలి, బోదెలలో చేరి, వాగై పాఱును. దీనినే ఉపరితల ప్రవాహమందురు.

ఇందుచేత ఒకే కొలత వాన జ్యేష్ఠమాసములో పడినపుడు ఒక ఫలమును, భాద్రపదములో పడినపుడు వేఱొక ఫలమును ఇచ్చును. సెప్టెంబరు చివర నాటికి వానకాలము మూడు మాసములు గడచియుండును. నేల తడిసియుండును, చెరువులు నిండియుండును. ఆకలి తీరిన భూమి కొత్తనీటిని పుచ్చుకొనక యేటికే పంపును. పెనువరదలు పలుమారు వానకాలము తుదిలో వచ్చుట యాదృచ్ఛికము కాదు.

ఇంకిన నీటి సంగతి కొంత చెప్పవలసియున్నది. అది మెల్లమెల్లగా క్రిందికి దిగి, మట్టి రేణువుల సందులను, రాతి పగుళ్లను నింపును. ఆ సందులన్నియు నీటితో నిండియున్న పొర యొక్క పైమట్టమునకు భూగర్భజల మట్టమని పేరు. దానిని చూచుటకు యంత్రము లక్కఱలేదు. తోడని బావిలో నీరు నిలిచియున్న మట్టమే అది. హైదరాబాదు ప్రాంతము నల్లరాతి నేల. గట్టి రాతిలో నీరుండుటకు చోటు కొంచెము. పైన శిథిలమైన మెత్తని పొరలోను, లోపలి పగుళ్లలోను మాత్రమే నిలుచును. అందుచేత ఇచ్చట బావులు త్వరగా నిండును, త్వరగా ఎండును. వానలు వెలిసిన తరువాత కూడ కొన్ని వారములవఱకు యేటిలో నీరు పాఱుటకు కారణము ఈ లోపలి నీరు ఊటగా గట్లనుండి వెలువడుటయే. దీనిని ఊటప్రవాహమనవచ్చును. గంగానది కెండకాలమున హిమాలయముల మంచు కరిగి కొంత నీరిచ్చును. మూసీ కట్టి యాధారము లేదు. ఊట తగ్గినచో ఇసుకలో చలమ తీసికొనవలసినదే.

యేటిలో పోవు నీటిని కొలుచుట ఎట్లు? నిలిచిన నీటికి ఘనపరిమాణము చాలును. కదలు నీటికి కాలమును కూడ చేర్చవలెను. ఒక కాలువ 10 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గలదనుకొనుడు. నీరు సెకనుకు 3 అడుగుల వేగముతో పోవుచున్నచో సెకనుకు 60 ఘనపుటడుగుల నీరు ఒక చోటును దాటును. సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహమును క్యూసెక్కు అందురు. కావున ఆ కాలువలో పాఱునది 60 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అనగా సెకనుకు 28 లీటర్లకు పైగా నీరు. మీటర్లతో కొలుచువారు సెకనుకు ఒక ఘనపు మీటరును ప్రమాణముగా తీసికొందురు. అది 35 క్యూసెక్కులకు కొంచెము మించును. వరదలో నదిని నిలువున కొలుచుట సాధ్యము కాదు. నీరు తీసిన పిదప గోడలపైని మరకలనుబట్టి నీరెంత ఎత్తు లేచినదో, నది వాలునుబట్టి ఎంత వడిగా పాఱినదో అంచనా వేయుదురు. 1908వ సంవత్సరపు వరద అత్యధికముగా నున్నపుడు హైదరాబాదు వద్ద 4,25,000 క్యూసెక్కులు పాఱినట్లు అంచనా.

ఈ సంఖ్యలోనే వరద రహస్యమంతయు నున్నది. పైన చెప్పిన ఒక్క అంగుళపు వాన నీటిని, అనగా రెండు టి.యం.సి.లను, తీసికొందము. అది పది దినములలో సమముగా నగరమును దాటిపోయినచో ప్రవాహము సుమారు 2,300 క్యూసెక్కులు. ఎవ్వరికిని కీడు లేదు. ఒక్క దినములో పోవలసివచ్చినచో సుమారు 23,000 క్యూసెక్కులు. అదే నీరు గంటా పద్దెనిమిది నిమిషములలో పోవలసివచ్చినచో 4,25,000 క్యూసెక్కులు! నీరు మూడు చోట్లను ఒక్కటే. మాఱినది కాలము మాత్రమే. నగరమును ముంచునది నీటి రాశి కంటె దాని తొందర.

ఈ తొందరను కంటికి చూపుటకు ఇంజనీర్లు ఒక రేఖను గీయుదురు. అడ్డముగా గంటలు, నిలువుగా క్యూసెక్కులు గుర్తింతురు. వాన మొదలైన కొంతసేపటివఱకు గీత పల్లముననే యుండును. దగ్గఱి వాగులు చేరగానే నిటారుగా లేచును. అన్ని దిక్కుల నీరు ఒక్కమారు కూడినపుడు శిఖరము నందుకొనును. పిదప మెల్లగా దిగి ఊటప్రవాహములో కలియును. కొండ దూరపు కొననుండి ఒక చుక్క నగరమునకు వచ్చుటకు పట్టు కాలమును చేరుకాలమనవచ్చును. వాన ఆ కాలముకంటె ఎక్కువసేపు కురిసినచో, దూరపు నీరును దగ్గఱి నీరును ఒకేసారి వంతెన క్రిందికి వచ్చును. 1908లో రెండు దినములు కురిసిన వాన అట్టి యదను చేకూర్చెను.

దీనికి తోడు చెరువులు తెగెను. ఆ 862 చదరపు మైళ్లలో 788 చెరువులుండెను. ఇంచుమించు మైలునకొక చెరువు. పూర్వులు వీనిని గొలుసుకట్టుగా నిర్మించిరి: పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు క్రింది చెరువునకు చేరును. సాధారణ సంవత్సరములలో ఇంతకంటె మేలైన యేర్పాటు లేదు. ప్రతి చెరువును వరదను కొంతసేపు నిలిపి, తొందర తగ్గించి, నేలకు ఇంకుటకు వ్యవధి నిచ్చును. కాని కట్ట తెగినచో అదే గొలుసు విపరీతమగును. వారముల తరబడి చేరిన నీరు గండిలోనుండి నిమిషములలో క్రింది చెరువుపై పడును, అదియు తెగును, దాని క్రిందిదియు తెగును. ఆ వానలో 221 చెరువులు తెగెను. అందు 182 ఈసీ పరీవాహకములోనివే.

చెరువు ఎంత, దానికి వచ్చు నీరెంత యను విచారము తెలుగుదేశమునకు కొత్తది కాదు. కడప మండలమున పోరుమామిళ్ల యందలి 1369వ సంవత్సరపు సంస్కృత శాసనము ఇందుకు సాక్షి. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అచ్చట చెరువు కట్టించెను. వేయిమంది కూలీలు రెండు సంవత్సరములు పనిచేసిరట. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగని ఆరు దోషములను ఆ శాసనము పేర్కొనును. నీటిశాస్త్ర మెఱిగినవాడు ఉండుట అంగములలో నొకటి. దోషములలో రెండు మిక్కిలి గమనింపదగినవి: నీరు కొంచెమై నేల విస్తారమగుట యొకటి, నీరు విస్తారమై నేల కొంచెమగుట వేఱొకటి. పరీవాహకమునకును చెరువునకును పొత్తు కుదరవలెనని నేటి ఇంజనీరు చెప్పునది ఇదియే. శాసనము దానిని ఆరువందల యేండ్లకు పూర్వమే రాతిలో చెక్కినది.

వరద తీసిన తరువాత నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించెను. మైసూరు రాజ్యమున జన్మించిన ఈ ఇంజనీరు పూర్వులది ఆంధ్రదేశములోని మోక్షగుండము. 1909లో ఆయన హైదరాబాదునకు వచ్చి, వర్షపాతమును, పరీవాహకమును, తెగిన చెరువులను లెక్కించి నివేదిక సమర్పించెను. నగరమునకు ఎగువ మూసీపై నొకటి, ఈసీపై నొకటి జలాశయములు కట్టవలెనని ఆయన సూచన. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి.

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. ఉస్మాన్‌సాగరములో పట్టునది సుమారు 3.9 టి.యం.సి.లు, హిమాయత్‌సాగరములో సుమారు 3. రెండును కలిపి ఏడు టి.యం.సి.లు నిండవు. ఇరువది టి.యం.సి.లు దాటగల వానకు ఇవి ఏమి చాలును? అంతయు పట్టవలెనన్న చాలవు. పట్టవలసిన పనియు లేదు. నదిగర్భము భరింపగలిగినంత నీటిని పోనిచ్చి, శిఖరమును మాత్రము కోసి నిలుపుకొన్న చాలును. 4,25,000 క్యూసెక్కుల ప్రవాహమునంతటిని ఒక చుక్కయైనను వదలక పట్టినను, ఖాళీగానున్న ఈ రెండు జలాశయములు నిండుటకు సుమారు నాలుగున్నర గంటలు పట్టును. శిఖరమును మాత్రమే పట్టినచో ఇంకను ఎక్కువ సేపు పట్టును. ఆ వ్యవధిలో రేఖలోని కొండ కొన వంగి చదునగును.

అయితే ఖాళీగానున్న అను మాటలోనే చిక్కు గలదు. ఈ జలాశయములనుండియే నగరమునకు త్రాగునీరు చాలకాలము వచ్చెను. త్రాగునీటి కోరిక జలాశయము నిండుగా నుండవలెనని; వరదరక్షణ కోరిక అది వెలితిగా నుండవలెనని. సెప్టెంబరులో నీటిని వదలివేసి, పిదప వాన రాకున్నచో వేసవిలో నగరము దాహముతో అల్లాడును. వదలక యుంచి, పెనువాన వచ్చినచో తలుపులన్నియు ఒక్కమారు ఎత్తవలసివచ్చును. కొంత చోటు విడిచి, కొంత నీరు నిలిపి, ఎగువ వర్షమాపకముల కొలతలను గంటగంటకు తెలిసికొనుచు తలుపులను నడపువాని పని ఎంత సులభమని బయటివారికి తోచునో అంత కఠినము. పొరపాటు కెవ్వరి ప్రాణములు బలియగునో అతనికి తెలియును. వాన ఎప్పుడు ఆగునో మాత్రము తెలియదు.

విశ్వేశ్వరయ్యగారి నాటికి లేని యొక కొత్త సంగతి ఇప్పుడు ఈ లెక్కలో చేరినది. నగరము పెరిగినది. పొలములుండిన చోట సిమెంటు వీథులు, మేడలు వెలసినవి. సిమెంటుకు ఇంకు వేగము సున్న. పడిన వాన పడినట్లే కాలువ దారి పట్టును. చేరుకాలము గంటలనుండి నిమిషములకు తగ్గును. అనేక చెరువుల గర్భములలో ఇండ్లు వెలసినవి. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన హైదరాబాదు తూర్పు శివారులలో కొన్ని చోట్ల ఒక్క దినమున 30 సెంటీమీటర్లకు మించి వాన పడెను. ఆ చోట్లు రెండు జలాశయములకును దిగువ నున్నవి. అచ్చట పడిన చుక్కను ఉస్మాన్‌సాగరము గాని హిమాయత్‌సాగరము గాని పట్టజాలవు. నీరు తన పాత దారినే, ఒకప్పుడు చెరువులను కలుపుచుండిన వాగుల జాడనే, వెదకికొని పోయెను. ఆ దారిలో కాలనీలుండెను. మేడల క్రింది అంతస్తులు మునిగెను. జనులు పడవలలో బయటికి వచ్చిరి.